ఆ సగం నీదే

ఒరేయ్ అర్ధశేఖరం,

నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలైంది. రెండుసార్లు జవాబు మొదలుపెట్టాను, రెండుసార్లూ ఏదో ఒక రివ్యూ గడువు నెత్తిమీదికి వచ్చింది. తిట్టేదంతా తిట్టుకుని తర్వాత చదువు. ఇక్కడ అందరూ క్షేమం. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. పాప స్కూలు మారింది. నా విద్యార్థుల్లో ఒకడు థీసిస్ ఇచ్చేశాడు, ఇంకొకడు ఇచ్చేలా లేడు. ఇక అసలు సంగతి. నాలుగు రోజులుగా కడుపులో ఆగడం లేదు.

ప్రొఫెసర్ పదవికి దరఖాస్తు పెడుతున్నాను కదా, అందులో హెచ్-ఇండెక్స్‌కు ఒక గడి ఉంది. మన పేపర్లలో ఎన్నింటిని వేరే పేపర్లు కనీసం అన్నేసి సార్లు ఉటంకించాయో (అవే సైటేషన్లు), ఆ అంకె. నాది ఏడాదిగా 19 దగ్గర మొండికేసింది. పంతొమ్మిది పేపర్లకు ఇరవై, అంతకు పైన సైటేషన్లు ఉన్నాయి. ఇరవయ్యో పేపరుకు 19. ఒక్కటంటే ఒక్కటి వస్తే గట్టెక్కుతాను. వైర్‌లెస్ రంగంలో అలమౌటి 1998లో రాసిన ఆ ఎనిమిది పేజీల పేపరును పది వేల సార్లకు పైగా ఉటంకించారు, అయినా 2005లో హిర్ష్ ప్రతిపాదించిన ఈ లెక్కలో అదీ ఒక్క పేపరే అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ని. సర్దుకుంటేనా! కళ్లు తెరవగానే ఫోనులో సైటేషన్లు లెక్కపెట్టే గూగుల్ స్కాలర్. మా ఆవిడ దానికి 'సుప్రభాతం' అని పేరు పెట్టింది.

ఆ ఇరవయ్యో పేపరు ఏదనుకున్నావు? మనదే! పదకొండేళ్ల కిందటిది. ఉన్న 19లో నువ్వు మూడు, నేను నాలుగు, అంటే బయటివాళ్లవి పన్నెండు. అప్పట్లో నువ్వు అనేవాడివి గుర్తుందా, మనది గ్యాలగర్ నిద్ర అని. ఆయన సిగ్నల్‌లో దొర్లే తప్పులు దిద్దే ఎల్‌డీపీసీ కోడ్‌లు 1960ల మొదట్లో రాస్తే ముప్పై ఏళ్లకు లోకం కళ్లు తెరిచింది, ఇప్పుడు 5జీలో డేటా అంతా వాటి మీదే నడుస్తోంది, మనకూ రోజులొస్తాయి అని. ఆ ఒక్కటీ నేనే చేర్చుకోవచ్చు కదా అంటావు. అనవులే, నీకు అలాంటివి గిట్టవు. నేనే అనుకున్నాను. కొత్త పేపరులో ఒక వాక్యం ఇరికించాను కూడా. తర్వాత తీసేశాను. తీసేశాను, నమ్ము.

మంగళవారం పొద్దున చూస్తే 20! మంచం మీద నుంచి లేచి అరిచాను. పాప ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది. ఆ రోజంతా నేల మీద నడిస్తే ఒట్టు. సాయంత్రం తీరిగ్గా కూర్చుని, మనల్ని గుర్తించిన ఆ మహానుభావులు ఎవరా అని పేపరు తెరిచాను. ఆరో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో మనం ఉన్నాం. మన సిమ్యులేషన్‌లో నాయిస్ రెట్టింపు పడిందని, గ్రాఫులన్నీ 3 డెసిబెల్‌లు కుడికి జరిగాయని. ఎంతో మర్యాదగా రాశారు. ఆ మర్యాదే ఎక్కువ కాల్చింది.

ఎన్ నాట్ బై టూ, శేఖరం! ల్యాబులో ఆ రాత్రి నువ్వు ప్రింటు కాగితం వెనక సిగ్నల్ రెండు భాగాలకు రెండు గీతలు గీశావు, ఒకటి రియల్, ఒకటి ఇమాజినరీ. మొత్తం నాయిస్ ఎన్ నాట్ అయితే రెండింటికీ చెరిసగం అన్నావు. ప్రోగ్రాము రాసింది నేను, నాకు తెలుసు అన్నాను, రెండింటికీ పూర్తి ఎన్ నాట్ వేశాను. నీకు 'అర్ధశేఖరం' అని పేరు పెట్టి ల్యాబు ల్యాబంతా నవ్వించాను కూడా. అర్ధం వదిలేస్తే అర్థమే మారిపోతుందని నువ్వు గొణిగావు. దానికీ నవ్వాం.

ఇంకో సంగతి తలచుకుంటే నిద్ర పట్టడం లేదు. ఆ పెద్ద జర్నల్ మన పేపరును ఎందుకు తిప్పి పంపింది? ఫలితాలు, సిద్ధాంతం ప్రకారం ఎవరూ దాటలేని షానన్ హద్దుకు చాలా దూరంగా ఉన్నాయని. ఆ దూరంలో 3 డెసిబెల్‌లు నా నిర్వాకమే! మన పద్ధతిని మనమే తక్కువ చేసి చూపించుకున్నాం. రివ్యూయర్‌ను ఎన్ని శాపనార్థాలు పెట్టానో... పాపం. నీకు మాత్రం ఆ ఏడాది ఉద్యోగం రాలేదు. ఆ పేపరు పెద్ద జర్నల్‌లో వచ్చి ఉంటే... ఏమో. అది రాయడం నా వల్ల కావడం లేదు.

జర్నల్‌కు సవరణ రాస్తున్నాను. నీ పేరు ముందు, నాది వెనక. వద్దనకు. పాత ప్రోగ్రాము వెతికి నాయిస్ ఉన్న వరుసలో రెండుతో భాగించి మళ్లీ నడిపాను. గ్రాఫు 3 డెసిబెల్‌లు వెనక్కి జరిగింది. నువ్వు ఆ రాత్రి కాగితం మీద గీసి చూపిన సగమే నిజం. ఆ కాగితం నీ దగ్గర ఉందా?

విచిత్రమేమిటంటే, మెచ్చుకున్నా తప్పు పట్టినా స్కాలర్ లెక్కలో రెండూ ఒకటే. కాబట్టి 20 అని రాస్తే అబద్ధం కాదు. దరఖాస్తు ఈ రాత్రితో మూసేస్తారు, ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. నువ్వే ఉంటే ఏం రాయమని...

ఎవరో తలుపు కొడుతున్నారు. థీసిస్ ఇచ్చేలా లేనివాడు, చేతిలో కాగితాల కట్టతో! ఉంటాను.

నీ
ఎన్ నాట్