బేస్ గిటార్ గురించి నాన్నగారికి

టొరంటో

పూజ్యులైన నాన్నగారికి నమస్కారములు.

మేమందరం ఇక్కడ క్షేమంగా ఉన్నాము. అన్నయ్య కొడుకు బేస్ గిటార్ కొనిపెట్టమని పట్టుబడుతున్నాడనీ, ఇంటర్ రెండో ఏడాదిలో ఇదేమి పిచ్చి అని అన్నయ్య మండిపడుతున్నాడనీ రాశారు. ఇద్దరి మధ్యా తీర్పు చెప్పవలసి వచ్చింది కాబట్టి ఆ వాయిద్యం సంగతీ, దానితో బతికినవారి సంగతీ తెలియజేయమన్నారు. వాడు గోడకు బొమ్మ అంటించుకున్న గెడ్డీ లీ, అంటే 'రష్' అనే రాక్ బృందంలో బేస్ వాయిస్తూ పాడినాయన, పుట్టి పెరిగినది ఈ ఊరిలోనే కనుక ఆయన తొలిరోజుల గురించే రాస్తాను. ఆయన పేరు ప్రతిష్ఠల గురించి మీ మనవడే మీకు చెప్పగలడు.

ముందుగా వాయిద్యం. మామూలు గిటార్‌కు ఆరు తీగలుంటే దీనికి సాధారణంగా నాలుగే ఉంటాయి. ఇవి గిటార్‌లోని నాలుగు మంద్రపు తీగల కంటే ఒక స్థాయి కిందుగా పలుకుతాయి. డ్రమ్స్‌తో కలిసి పాట నడకను నిలబెట్టడం దీని పని. గాయకుడి మీదా, గిటార్ వాయించేవాడి మీదా పడినంత చూపు దీన్ని వాయించేవాడి మీద పడదు కాబట్టి, కుర్రవాళ్లు దీన్ని కోరి ఎంచుకోవడం తక్కువ.

గెడ్డీ లీ కూడా కోరి ఎంచుకోలేదు. ఆయన 1953 జూలై 29న జన్మించాడు. అసలు పేరు గ్యారీ లీ వైన్‌రిబ్. తల్లి పోలండ్ యాసలో పిలిచిన తీరే తరువాత ఆయన పేరుగా స్థిరపడింది. తల్లిదండ్రులిద్దరూ పోలండ్ యూదులు. స్టారాహోవిట్సే అనే ఊరిలో నాజీల నిర్బంధంలో, ఇంకా యౌవనం కూడా నిండని వయసులో ఒకరికొకరు పరిచయమై, ఔష్‌విట్జ్ అనే నాజీ శిబిరం చేరి, అక్కడి నుంచి ఆమె బెర్గెన్-బెల్సెన్ శిబిరానికీ ఆయన డాకౌ శిబిరానికీ విడిపోయి, యుద్ధం ముగిసిన తరువాత ఆయన వెతుక్కుంటూ వెళ్లి ఆమెను కలుసుకోగా, బెర్గెన్-బెల్సెన్‌లోనే వివాహం చేసుకుని కెనడాకు వలస వచ్చారు. టొరంటోకు ఉత్తరాన ఉన్న న్యూమార్కెట్‌లో ఒక చిల్లర సరుకుల దుకాణం పెట్టుకున్నారు.

పిల్లవాడికి పన్నెండేళ్ల వయసులో తండ్రి మరణించాడు. మన ఇళ్లలో ఏటిసూతకం ఎంత పట్టుగా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. వారి ఆచారమూ అటువంటిదే. తండ్రి కోసం కొడుకు చెప్పవలసిన ప్రార్థనకు దాదాపు ఏడాది పాటు ప్రతిదినం సినగాగ్‌కు, అంటే యూదుల ప్రార్థనాలయానికి, వెళ్లాడు, సంగీతానికి దూరంగా ఉన్నాడు. తల్లి ముగ్గురు పిల్లలను పోషించడానికి దుకాణం బాధ్యత నెత్తిన వేసుకుంది. పగలంతా ఆమె ఇంట లేకపోవడం వల్ల తమను అదుపు చేసేవారు లేకపోయారనీ, తాను సంగీతం వైపు మళ్లడానికి అదీ ఒక కారణమనీ ఆయనే తరువాతి రోజుల్లో చెప్పుకున్నాడు. ఈ మాట అన్నయ్యకు చూపిస్తే తన పక్షాన వాడుకుంటాడు, కాని నిజం కనుక రాయక తప్పదు.

బడిలో డ్రమ్స్, ట్రంపెట్, క్లారినెట్ పట్టుకున్నాడు గాని అవేవీ మనసుకు పట్టలేదు. పద్నాలుగో ఏట ఇరుగింటివారి దగ్గర ఒక గిటార్ కొన్నాడు. దాని మీద కొబ్బరిచెట్ల వంటి చెట్ల బొమ్మలు వేసి ఉన్నాయట. ఈ ఊరి మంచులో కొబ్బరిచెట్లేమిటో! ఇంతలో తన స్నేహితుల బృందంలో బేస్ వాయించే కుర్రవాడిని ఇంట్లో వద్దనడంతో, మిగిలినవారు ఆ పని ఇతనికి అప్పగించారు. క్రీమ్ బృందంలోని జాక్ బ్రూస్, ది హూ బృందంలోని జాన్ ఎంట్విసిల్ రికార్డులు వింటూ, వారిని అనుకరిస్తూనే నేర్చుకున్నాడు. ఆ ఇద్దరూ నడకను నిలబెడుతూనే పైకి వినిపించేలా వాయించేవారు. ఈయన చేతిలోనూ బేస్ ఒదిగి ఉండకపోవడానికి ఆ చదువే కారణమని నా అభిప్రాయం.

1968లో విల్లోడేల్ పేటలో బడి మిత్రుడైన అలెక్స్ లైఫ్‌సన్, జాన్ రట్సీ, జెఫ్ జోన్స్ కలిసి 'రష్' అనే బృందం పెట్టారు. ఒక చర్చి నేలమాళిగలోని యువజన కేంద్రంలో మొదటి కచేరీ చేశారు. తరువాత బేస్ వాయిస్తూ పాడే జోన్స్ రాలేకపోవడంతో లైఫ్‌సన్ ఇతనిని పిలిచాడు. అలా బేస్‌తో పాటు పాడవలసిన బాధ్యత కూడా ఇతనిమీదే పడింది. మరుసటి ఏడాది కొద్ది నెలలపాటు ఇతనినే బయటికి పంపి, మళ్లీ పిలుచుకున్నారు. చదువు మానేస్తానని చెప్పినప్పుడు తల్లి కుంగిపోయింది. శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడి, భర్తను పోగొట్టుకుని, దుకాణంలో కష్టపడుతున్న మనిషి పెద్దకొడుకు నుంచి ఆశించినది ఇది కాదు గదా. అన్నయ్య కోపం నాకు అర్థమయ్యేది ఈ ఘట్టం దగ్గరే.

1971లో టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వం మద్యం సేవించడానికి కనీస వయసును 21 నుంచి 18కి తగ్గించింది. దానివల్ల బడి నృత్యాల దగ్గర ఆగిపోయిన ఈ కుర్రవాళ్లకు యంగ్ స్ట్రీట్ బార్లు తెరుచుకున్నాయి. గ్యాస్‌వర్క్స్ వంటి చోట్ల రాత్రుళ్లు గంటల తరబడి వాయించవలసి వచ్చేది. వేళ్లకూ గొంతుకూ అసలైన సాధన అక్కడే జరిగింది. ఏ రికార్డు కంపెనీ ముందుకు రాకపోవడంతో తొలి ఆల్బమ్‌ను 1974లో సొంత లేబుల్ మీద విడుదల చేశారు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో డోనా హాల్పర్ అనే రేడియో ఉద్యోగిని ఆ పాటలను రేడియోలో వినిపించిన తరువాతనే మెర్క్యురీ రికార్డు కంపెనీ ఒప్పందం చేసుకుంది. ఆ డబ్బుతో ఆయన రికెన్‌బ్యాకర్ 4001 అనే మంచి బేస్ కొనుక్కున్నాడు. ఒకప్పుడు కుంగిపోయిన ఆ తల్లే న్యూమార్కెట్ దుకాణం గోడలకు కొడుకు బృందం పోస్టర్లు అంటించి, కొనలేని పిల్లలకు ఆల్బమ్‌లు ఊరికే ఇచ్చేదట. ఆమె 2021లో కన్నుమూసింది.

ఇక మన విషయం. ఖరీదైనది ఇప్పుడు అనవసరం. హైదరాబాద్‌లో వాడిన వాయిద్యం, చిన్న యాంప్లిఫయర్ దొరికితే చాలు, సగం ఖర్చు నేను పంపుతాను. కాని వాడికి కలిసి వాయించే తోటివారెవరైనా ఉన్నారా అని మీరే అడిగి తెలుసుకోండి. ఒంటరిగా గదిలో కూర్చుంటే ఈ వాయిద్యం పెద్దగా రాదు. పరీక్షలు ముగిసేవరకు ఆగమని నా మాటగా చెప్పండి. మీ మాటైతే అన్నయ్య కూడా కాదనడు. అమ్మకు నా నమస్కారాలు. ఆమె మోకాలి నొప్పి ఎలా ఉందో ఈసారి తప్పక రాయండి.

ఇట్లు,
మీ అమ్మాయి