పంటల పాఠం జిగ్‌సా పద్ధతిలో

అందరికీ నమస్కారం. ఎనిమిదో తరగతికి సైన్స్ చెప్పే టీచర్లు ఈసారి పంటల పాఠాన్ని జిగ్‌సా పద్ధతిలో, అంటే పాఠాన్ని ముక్కలుగా పంచి పిల్లలే ఒకరికొకరు నేర్పుకునేలా, చెప్పి చూడాలని నా మనవి.

1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో నల్లజాతి, తెల్లజాతి, మెక్సికన్ మూలాల పిల్లలను ఒకే తరగతిలో కూర్చోబెట్టినప్పుడు గొడవలు రేగాయి. అప్పుడు ఎలియట్ ఆరన్సన్ అనే సైకాలజిస్టు తన విద్యార్థులతో కలిసి ఈ పద్ధతిని తయారుచేశారు.

40 మంది ఉంటే ఐదుగురు చొప్పున 8 జట్లు చేయండి. ప్రతి జట్టులో ఒకరికి దుక్కి, ఒకరికి విత్తనాలు, ఇంకొకరికి ఎరువులు, మరొకరికి నీటి తడులు, చివరివారికి కలుపు. ఒకే భాగం వచ్చినవాళ్లు ముందు నలుగురేసి కూర్చుని చదువుకుని, ఎలా చెప్పాలో మాట్లాడుకుంటారు. తర్వాత సొంత జట్టుకు వెళ్లి మిగతావారికి నేర్పుతారు. ఉదాహరణకు, జట్టులో ఎరువుల సంగతి ఆ భాగం వచ్చిన అమ్మాయి ఒక్కదానికే తెలుసు కాబట్టి అందరూ ఆమె మాట వినాల్సిందే. ఎప్పుడూ నోరు విప్పని పిల్లలకు ఇది ఎంత బలమో మీరే చూస్తారు. పొలం పనికి వెళ్లే ఇళ్ల పిల్లలైతే పుస్తకంలో లేనివి కూడా చెబుతారు, దయచేసి ఆపకండి.

జట్లను మీరే వేయండి, స్నేహితులందరినీ ఒకచోట చేరనివ్వద్దు. చివర్లో చిన్న పరీక్ష మాత్రం ఎవరికి వారే రాయాలి. ఒక్క పీరియడ్ చాలదు, వరుసగా రెండు ఉంచుకోండి. సిలబస్ టెన్షన్ నాకూ తెలుసు, అందుకే ఒక్క పాఠమే అడుగుతున్నాను.

భాగాల వారీ కాగితాలు కావాలంటే ఇక్కడే చెప్పండి, పంపుతాను.