ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడుగు

బంగారు తల్లీ,

అక్కడ ఐకిడో నేర్పే ముగ్గురివంటూ నువ్వు పంపిన మూడు ఫొటోలూ, కింద రాసిన వివరాలూ రాత్రి మీ అమ్మా నేనూ చదివాం. ముగ్గురూ బ్లాక్ బెల్టులే. "ఎవరి క్లాసులో చేరను నాన్నా?" అన్నావు. ఫోన్‌లో తేల్చేసే మాట కాదని రాస్తున్నాను.

నీకు తొమ్మిదేళ్ళప్పుడు ఇక్కడ బెంగళూరు కమ్మనహళ్ళిలోనే ఒక కరాటే క్లాసులో చేర్పించాను. మూడు నెలలకో బెల్టు, బెల్టుకో ఫీజు. ఒకరోజు మణికట్టు వాచిపోయి ఏడుస్తూ ఇంటికొచ్చావు. "మీరెవరి దగ్గర నేర్చుకున్నారు సార్?" అని ఆ మాస్టారిని అడిగితే, గోడ మీది కప్పులు చూపించారు. చేర్పించకముందే అడగాల్సిన మాట అది. నీ చేతికి మీ అమ్మ ఐస్ పెడుతుంటే పక్కన కూర్చుని ఎంత బాధపడ్డానో నాకే తెలుసు.

అందుకే తర్వాత నిన్ను ఐకిడోలో చేర్చేముందు అక్కడి సార్‌ని మొదట అదే అడిగాను. ఆయన నొచ్చుకోలేదు. బ్యాగులోంచి పాస్‌పోర్టులాంటి చిన్న పుస్తకం తీశారు. ఏ డాన్, అంటే బ్లాక్ బెల్టులో ఏ మెట్టు, ఎప్పుడు వచ్చిందో తేదీలతో సహా అందులో ఉంది. తన గురువు, ఆ గురువుకు గురువు అంటూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ ఐకిడో స్థాపకుడు ఉయెషిబా మొరిహేయి దాకా వెళ్ళారు. తర్వాత మ్యాట్ మీద, చేరి వారం కూడా కాని కుర్రాడితో కోతెగాయెషి, అంటే మణికట్టు మెలితిప్పి పడేసే పట్టు, చేయించారు. విసిరింది కుర్రాడు, పడింది సార్. యాభై దాటిన మనిషి భుజం మీదుగా మెత్తగా దొర్లి లేచి, "నా వేళ్ళ మీద నీ బొటనవేలు ఇక్కడుండాలి, మళ్ళీ చెయ్యి" అని చెయ్యి అందించారు. ఆ సాయంత్రమే నీ ఫీజు కట్టేశాను.

ఐకిడోలో చాలా శాఖల్లో పోటీలుండవు. మెడల్ చూసి మనిషిని అంచనా వెయ్యలేం. ఎవరి చేతుల్లో ఎన్నాళ్ళు నలిగారన్నదే మనకు దొరికే ఆధారం. స్థాపకుడు ఉయెషిబా కూడా ముప్పై దాటాక, 1915లో, జపాన్‌లోని హొక్కైడోలో తకెదా సొకాకు అనే గురువును కలిసి దైతో-ర్యూ జుజుత్సు అనే యుద్ధవిద్య నేర్చుకున్నారు. ఐకిడో అన్న పేరు 1942లో గానీ స్థిరపడలేదు. అంత పెద్ద మనిషి విద్యకే వెనక ఒక గురువున్నాడు కదా!

ఇక నీ ముగ్గురి సంగతి. మూడో డాన్ ఉన్నాయన డాన్ సంఖ్య తప్ప ఇంకేమీ రాయలేదు. తప్పుపట్టను, కానీ అడుగు. ఐకిడో ప్రధాన సంస్థ టోక్యో ఐకికాయ్ లెక్కలో మొదటి డాన్ తర్వాత రెండోదానికి కనీసం 200 రోజుల సాధన కావాలి. కష్టపడిన మనిషైతే ఆ రోజుల గురించి అడగ్గానే సంతోషంగా చెబుతారు.

రెండో ఆయన జూడో నుంచి వచ్చారని నువ్వు సందేహపడ్డావు. నాకైతే అది మంచి మాటే. జూడో స్థాపకుడు కానో జిగోరో 1930లో ఉయెషిబా విద్య చూసి, తన శిష్యుల్లో కొందరిని ఆయన దగ్గరికి పంపారు. జూడో చేసినవాళ్ళకు పడడం బాగా వచ్చి ఉంటుంది, అవతలివాళ్ళను పడేసేటప్పుడు కాపాడడమూ తెలుస్తుంది. ఆ అలవాటు ఐకిడోలోకి తెచ్చుకున్నారా లేక బలంతో లాగేస్తున్నారా అన్నది మాత్రం కళ్ళతో చూసుకో.

మొదటి డాన్ అమ్మాయిని "జూనియర్" అని ఒక్క మాటతో పక్కన పెట్టేశావు. మొదటి డాన్‌ని షోదాన్ అంటారు, అందులో "షో" అంటే మొదలు అని మీ సారే చెప్పారు, గుర్తుందా? ఆమె వివరాల్లో ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను: ఇప్పటికీ ప్రతి వారం తన గురువు క్లాసులో విద్యార్థిగా కూర్చుంటుందట. నా మనసు ఆమె వైపే ఉంది.

ఎవరైనా సరే, మణికట్టును నొక్కే నిక్యో పట్టు పట్టినప్పుడు నువ్వు చాలన్నట్టు మ్యాట్ మీద తట్టగానే వదిలేస్తున్నారా లేదా చూడు. ఒక్క క్షణం ఎక్కువ పట్టి ఉంచినా ఇంటికొచ్చేసెయ్. ఆ మణికట్టుకు ఒకసారి దెబ్బ తగిలిందని మొదటిరోజే చెప్పు, మొహమాటపడకు.

శనివారం లాల్‌బాగ్ ఎక్స్‌ప్రెస్‌లో మేమిద్దరం వస్తున్నాం. సాయంత్రం క్లాసు ముగ్గురం ఒక మూల కూర్చుని చూద్దాం. అప్పటిదాకా ఎవరికీ డబ్బు కట్టకు.

ప్రేమతో,
నాన్న