క్రూయిజ్ ఓడ ఫిట్‌నెస్ ఎక్కేవాళ్లకీ తెలియాలి: కేంద్ర నౌకాయాన మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులు శ్రీ సర్బానంద సోనోవాల్ గారికి,
కేంద్ర ఓడరేవులు, నౌకాయానం, జలమార్గాల శాఖ మంత్రి,
న్యూఢిల్లీ.

అయ్యా,

నమస్కారం. విశాఖపట్నం పోర్టులో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరు 4న తమరే వచ్చి ప్రారంభించారు. మరుసటి ఏడాది సెప్టెంబరు 30న ముంబయిలో ‘క్రూయిజ్ భారత్ మిషన్’ మొదలుపెట్టారు. 2029 నాటికి దేశంలో క్రూయిజ్ ప్రయాణికుల సంఖ్యను రెట్టింపు చేస్తామన్నారు. మంచిదే. బీచ్ రోడ్డు మీద నిలబడి దూరంగా పోయే ఓడల్ని చూడటమే తప్ప ఎక్కడం ఎరగని మా ఊరివాళ్లకు ఇది సంతోషం కలిగించే మాటే. కానీ ఆ టెర్మినల్‌కు వచ్చి ఆగే ఓడ ఏ స్థితిలో ఉందో టికెట్ కొనేవాడికి ఎలా తెలుస్తుంది? ఈ ఉత్తరం దాని గురించే.

నేను విశాఖలో ఒక కర్మాగారంలో మెకానికల్ మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఓడల ఇంజనీరును కాను గానీ, రిపేరు చేసిన ఇనుముకూ, తుప్పు మీద పెయింటు పూసిన ఇనుముకూ తేడా తెలుసు. మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. అమెరికా వెళ్లిన అమ్మానాన్నలకు పిల్లలు చూపించే వరసలో నయాగరా తర్వాత ఇప్పుడు క్రూయిజ్ కూడా చేరింది. కార్లో గాల్వెస్టన్ రేవుకు వెళ్లి ఓడెక్కడం, మెక్సికో వైపు ఒక చుట్టు తిరిగి రావడం. మమ్మల్నీ అలాగే తీసుకెళ్లారు. ఆ ఓడ పేరు, కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. నా గోడు ఒక కంపెనీ మీద కాదు.

క్యాబిన్ తలుపు తీయగానే తడిసిన కార్పెట్ వాసన. ఏసీ నీళ్లు సీలింగ్ ప్యానెల్ అంచు నుంచి కారుతున్నాయి. మా ఆవిడ సూట్‌కేసుల్ని కింద పెట్టనివ్వలేదు. క్యాబిన్ చూసుకునే కుర్రాడు గోవావాడు. పాపం, కింద టవళ్లు పరిచి, తడిసినప్పుడల్లా మార్చి, అతను చేయగలిగింది చేశాడు. రెండోరోజు సాయంత్రానికి మా కారిడార్‌లో టాయిలెట్లు ఆగిపోయాయి. ఓడల్లో ఉండేవి వాక్యూమ్ టాయిలెట్లు. గాలితో లాగే సన్న పైపులు. ఒక క్యాబిన్‌లో ఎవరో వేయకూడనిది వేస్తే ఆ లైను మీదున్న క్యాబిన్లన్నీ ఆగిపోతాయి. అది ప్రయాణికుల తప్పే అనుకుందాం. మరి బఫే దగ్గర సీలింగ్ ప్యానెల్ ఊడదీసి కింద బకెట్ పెట్టింది ఎవరి తప్పు? బాల్కనీ తలుపు అద్దం రెండు పొరల మధ్య చెమ్మ చేరి సముద్రమే కనిపించకపోవడం? బాల్కనీ క్యాబిన్ అని దానికి వేరే రేటు తీసుకున్నారు మరి. రిసెప్షన్‌లో ఎప్పుడడిగినా ‘మెయింటెనెన్స్ వాళ్లకు చెప్పాం సార్’ అన్నారు. దిగేదాకా అదే మాట.

అసలు సంగతి డైనింగ్ టేబుల్ దగ్గర పక్కన కూర్చున్న ఒక అమెరికన్ పెద్దాయన చెప్పారు. ఆయన ఏటా ఓడెక్కే మనిషి. ఇంకొన్ని వారాల్లో ఈ ఓడ డ్రైడాక్‌కు, అంటే నీళ్లు తోడేసి ఓడను రిపేరు చేసే చోటికి వెళ్తుంది, కార్పెట్లు, పరుపులు, ప్యానెళ్లు అన్నీ అక్కడే మారుస్తారు, అందుకే ఇప్పుడు వీటి మీద ఎవరూ డబ్బు పెట్టరు అన్నారు. నాకు ఆశ్చర్యం కలగలేదు. మా ఫ్యాక్టరీలోనూ షట్‌డౌన్ దగ్గరపడితే చిన్న రిపేర్లు వాయిదా వేసేవాళ్లం. కాకపోతే మా ఫ్యాక్టరీలో టికెట్ కొనుక్కుని వచ్చి నిద్రపోయేవాళ్లు ఎవరూ లేరు. డ్రైడాక్ తేదీ కంపెనీకి తెలుసు, ఏళ్ల తరబడి తిరిగే ఆ పెద్దాయనకు తెలుసు. మొదటిసారి ఎక్కేవాడికి మాత్రం ఎవరూ చెప్పరు. చెప్పి ఉంటే నెల ఆగేవాళ్లం, లేదా అదే రేటుకు ఎందుకని అడిగేవాళ్లం.

ఇక్కడ ఓడల తరఫున కూడా ఒక మాట చెప్పాలి. ఉప్పుగాలిలో ఇనుము తుప్పు పట్టకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. స్టెయిన్‌లెస్ స్టీలు కూడా సముద్రం మీద గోధుమరంగు మరకలు పడుతుంది. విశాఖలో సముద్రానికి ఎదురుగా ఇల్లున్నవాళ్లకు కిటికీ ఊచల సంగతి నేను చెప్పక్కర్లేదు. తెల్లటి ఓడ పక్కన కారిన ఎర్రటి చారను ఫొటో తీసి ‘ఈ ఓడ మునిగిపోతుంది’ అని వాట్సాప్‌లో పెట్టేవాళ్లను చూస్తే చిరాకేస్తుంది. ఆ చారలు చాలావరకు పైపై మరకలే. ఓడ ఏ రేవులో ఆగినా తాళ్లకు వేలాడుతూ సిబ్బంది గీకి, ప్రైమర్ కొట్టి, పెయింట్ వేయడం రోజూ జరిగే పనే. ప్రయాణికుడి కంటికి కనిపించేది ఎక్కువగా అసౌకర్యం. ప్రమాదం వచ్చేది కనిపించని చోట.

2013 ఫిబ్రవరిలో అదే గాల్వెస్టన్ నుంచి బయల్దేరిన ‘కార్నివాల్ ట్రయంఫ్’ అనే ఓడలో పదో తేదీన ఇంజన్ రూములో మంటలు లేచాయి. ఒక డీజిల్ జనరేటర్‌కు ఉన్న ఇంధన రిటర్న్ పైపు లీకవడం కారణం. మంట ఆరింది గానీ ఓడకు కరెంటు పోయింది, కదలలేకపోయింది. నాలుగువేల మందికి పైగా జనం నాలుగు రోజులు నడిసముద్రంలో, పనిచేయని టాయిలెట్ల మధ్య గడిపారు. చివరికి టగ్గులతో అలబామాలోని మొబైల్ రేవుకు లాక్కొచ్చారు. ఆ జనరేటర్ మెయింటెనెన్స్ గడువు దాటి ఉందన్న సంగతి ఆ తర్వాత కోర్టు కాగితాల్లో బయటపడింది. ప్రయాణికులకు అది ముందు తెలిసే మార్గమే లేదు.

సరిగ్గా అదే ఫిబ్రవరి 10న, అట్లాంటిక్‌కు అవతల కానరీ దీవుల్లోని లా పాల్మా రేవులో ‘థామ్సన్ మెజెస్టీ’ ఓడ మీద లైఫ్‌బోట్ డ్రిల్ జరుగుతోంది. బోటును వేలాడదీసే ఉక్కు తాడు తెగింది. బోటు తిరగబడి నీళ్లలో పడి అయిదుగురు సిబ్బంది చనిపోయారు. తాడు కప్పీ మీదుగా వంగే చోట తుప్పు పట్టి ఉందని దర్యాప్తులో తేలింది. ప్రాణాలు కాపాడటానికి పెట్టిన బోటు అది! ఈ తాళ్లను క్రమం తప్పకుండా పరీక్షించాలని, పాడైతే వెంటనే, లేకపోయినా అయిదేళ్లకు మించకుండా మార్చాలని ఓడల్లో ప్రాణరక్షణ కోసం దేశాలు చేసుకున్న ‘సోలాస్’ అంతర్జాతీయ ఒప్పందంలో రాసే ఉంది. పుల్లీ దగ్గర తాడు లోపలి పోగుల్ని పైకి కనపడకుండా తుప్పు తినేయడం క్రేన్ల మీద పనిచేసిన ఎవరికైనా తెలిసిన సంగతి. పైన గ్రీజు నిగనిగలాడుతూనే ఉంటుంది. డ్రిల్లులో మమ్మల్ని డెక్ మీద వరసగా నిలబెట్టి లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో చూపిస్తున్నంతసేపూ నేను తల పైకెత్తి ఆ తాళ్లనే చూశాను.

సోలాస్ ప్రకారం ప్రయాణికుల ఓడకు ఏటా సర్వే జరగాలి. మామూలుగా అయిదేళ్లలో కనీసం రెండుసార్లు డ్రైడాక్‌లో పెట్టి అడుగుభాగం చూడాలి. అంటే తనిఖీలు లేవని కాదు. జరుగుతున్నాయి. ఆ ఫలితం ఎవరి బల్ల మీద ఆగిపోతోందన్నదే నా ప్రశ్న.

అమెరికాలో ఇందులో సగం పని చేసి చూపించారు. అక్కడి రేవులకు విదేశాల నుంచి వచ్చే క్రూయిజ్ ఓడల్ని సీడీసీ అనే ఆరోగ్య సంస్థ ముందు చెప్పకుండా తనిఖీ చేస్తుంది. వందకు మార్కులు వేస్తుంది. 86 కంటే తక్కువ వస్తే ఫెయిల్. మార్కులతోపాటు రిపోర్టు మొత్తం ఇంటర్నెట్‌లో పెడుతుంది. వంటగదిలో ఏ టైలు పగిలింది, ఏ ఫ్రిజ్ రబ్బరు చిరిగింది, స్విమ్మింగ్ పూల్ నీళ్లలో క్లోరిన్ ఎంత ఉంది, అన్నీ అందులో ఉంటాయి. ఓడ దిగాక మా అబ్బాయి ఆ సైటు తెరిచి చూపిస్తే ఒక సాయంత్రమంతా అవే చదువుతూ కూర్చున్నాను. మా ఆవిడకు నా మీద అనుమానం కూడా వచ్చింది. సీడీసీ చూసేది వంటగది, నీళ్లు, పూల్స్ లాంటివి మాత్రమే. ఇంజన్లు, లైఫ్‌బోట్ తాళ్లు దాని పరిధిలో లేవు. అయినా ఉన్నంతలో దాచలేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఎక్కువగా మన రేవుల నుంచి తిరిగేవి ఇంకెక్కడో తిరిగి తిరిగి వచ్చిన ఓడలే. 2022 జూన్‌లో మా విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు నడిచిన ‘ఎంప్రెస్’ 1990లో ఫ్రాన్స్‌లో కట్టిన ఓడ. 2019లో ముంబయి నుంచి మొదలైన ‘కర్ణిక’ కూడా 1990దే, ఇటలీలో కట్టింది. దాన్ని నడిపిన కంపెనీ నిలబడలేక 2020 చివర్లో ఆ ఓడ అలంగ్‌లో తుక్కుకు పోయింది. వయసు ఒక్కటే చూసి నేను వేలెత్తి చూపడం లేదు. పైపులు మార్చి, వైరింగు మార్చి, వేళకు డ్రైడాక్ చేయించిన ముప్పై ఏళ్ల ఓడ, పట్టించుకోని పదేళ్ల ఓడ కంటే మేలు. ఏది ఏ రకమో తెలియాలంటే ఆ డ్రైడాక్ తేదీలు కనపడాలి కదా.

మన దగ్గర ఇదేమీ కొత్త పద్ధతి కాదు. విశాఖ స్టేషన్‌లో ఏ రైలు బోగీ చివరికి వెళ్లి చూసినా, ఆఖరిసారి ఏ వర్క్‌షాపులో ఓవర్‌హాల్ అయింది, మళ్లీ ఎప్పుడు వెళ్లాలి అన్నది పెయింటుతో రాసి ఉంటుంది. జనరల్ బోగీకీ ఉంటుంది, ఏసీ బోగీకీ ఉంటుంది. రోడ్డు మీద బస్సు నంబరు ఫోన్లో కొడితే ఫిట్‌నెస్ ఎప్పటివరకు ఉందో రవాణా శాఖ యాప్ చెప్తుంది. వేల రూపాయలు పోసి ఎక్కే ఓడకు మాత్రం డెక్ ప్లాను, మెనూ, డీజే పేరు ముందే పంపిస్తారు. ఫిట్‌నెస్ ఊసుండదు.

వివరాలు అసలు ఎక్కడా లేవా అంటే, ఉన్నాయి. మన రేవులకు వచ్చే విదేశీ జెండా ఓడల్ని, అంటే వేరే దేశంలో రిజిస్టరైన ఓడల్ని, మీ డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ సర్వేయర్లు తనిఖీ చేస్తారు. హిందూ మహాసముద్ర దేశాలు కలిసి చేసుకున్న తనిఖీల ఒప్పందానికి కార్యాలయం మన గోవాలోనే ఉంది. ‘ఎక్వాసిస్’ అనే యూరప్ సైటులో ఓడల తనిఖీలు, నిలిపివేతల చరిత్ర ఉచితంగానే దొరుకుతుంది. కానీ అది ఇంగ్లిష్‌లో, కోడ్‌లతో, ఓడలవాళ్ల కోసం రాసుకున్న సమాచారం. అనకాపల్లి నుంచి పెళ్లిరోజుకని టికెట్ కొనే జంట దాన్ని వెతికి చదవాలనడం న్యాయం కాదు. ఓడల పరిశుభ్రత మీద పోర్ట్ హెల్త్ అధికారులు ఇచ్చే సర్టిఫికెట్ కూడా ఉంది. దాని గడువు ఆరు నెలలు. ఆ కాగితం ఓడ ఫైల్లో ఉంటుంది, ప్రయాణికుడి కంట పడదు.

కాబట్టి అయ్యా, నేను అడిగేది ఒకటే. మన రేవు నుంచి ప్రయాణికుల్ని ఎక్కించుకునే ప్రతి క్రూయిజ్ ఓడా, డబ్బు కట్టే పేజీకి ముందు ఒక పేజీ చూపించాలి. ఓడ ఎప్పుడు కట్టారు, ఏ దేశం జెండా, ఆఖరి డ్రైడాక్ ఎప్పుడు, రాబోయేది ఎప్పుడు, చివరి తనిఖీలో దొరికిన లోపాలేమిటి, వాటిలో ఇంకా సరిచేయనివి ఎన్ని, పరిశుభ్రత సర్టిఫికెట్ గడువు ఎప్పటిదాకా. ఇంగ్లిష్‌లో, హిందీలో, రేవు ఉన్న రాష్ట్రం భాషలో. కంపెనీ రాసుకున్నది కాదు, మీ శాఖ ధ్రువీకరించింది. అదే పేజీ టెర్మినల్‌లో చెకిన్ కౌంటర్ల దగ్గర బోర్డు మీద కూడా ఉండాలి. కొత్తగా తనిఖీలు పెట్టక్కర్లేదు, చేసినవాటిని బయటపెడితే చాలు. ఇవన్నీ రాస్తే జనం భయపడి ఓడెక్కరని కంపెనీలు అనొచ్చు. రోజూ బోగీ మీద తేదీలు చూస్తూనే జనం రైలెక్కుతున్నారు.

పనిలో పనిగా ఇంకో చిన్న సంగతి. 2013 గొడవల తర్వాత అమెరికాలోని క్రూయిజ్ కంపెనీల సంఘం ప్రయాణికుల హక్కుల పత్రం ఒకటి ప్రకటించింది. యంత్రాలు పాడై ప్రయాణం రద్దయితే పూర్తి డబ్బు, మధ్యలో ఆగితే కొంత డబ్బు తిరిగి ఇవ్వాలన్నది అందులో ఉంది. తడి కార్పెట్ గురించి లేదనుకోండి. మన 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉన్న ఊరిలోనే కేసు వేసుకోవచ్చు గానీ, ఫిర్యాదు చేసినట్టు రుజువేదీ? ఓడ మీద ఇచ్చే ప్రతి ఫిర్యాదుకూ తేదీ, సమయం, క్యాబిన్ నంబరుతో రసీదు ఇవ్వాలన్న షరతు ఒకటి పెడితే చాలు.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర ‘రాయల్ వశిష్ట’ మునిగి పదుల సంఖ్యలో జనం పోయారు. అక్కడి కారణాలు వేరు, అది నది, ఇది సముద్రం. కానీ ఆ బోటుకు అనుమతులున్నాయా, ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు అని మేమంతా అడిగింది అది మునిగాకే. పాపికొండలకు టికెట్ తీసుకునేటప్పుడు అడగడానికి మాకు అవకాశమే లేదు.

విశాఖలో ఓడల సర్వేలు చూసే మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్ కార్యాలయం ఉంది, పోర్ట్ హెల్త్ కార్యాలయం ఉంది, కొత్త టెర్మినల్ ఉంది. ప్రయోగంగా మొదట ఇక్కడే అమలు చేయండి. వచ్చే సీజన్‌కు మా రేవులో టికెట్లు అమ్మడం మొదలుపెట్టేలోపు ఆ ఒక్క పేజీ సిద్ధం చేయించమని కోరుతున్నాను. తెలుగులో రాసే పని ఎవరికైనా అప్పగించాల్సి వస్తే, డబ్బులేమీ తీసుకోకుండా చేసిపెట్టడానికి నేను సిద్ధం.

ఇట్లు,
విశాఖపట్నం వాసి, ఒక ప్రయాణికుడు