మన నాణేల సేకర్తల సంఘం: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, నెల్లూరు సభ్యులతో పాటు కావలి నుంచి, ఒంగోలు నుంచి వచ్చిన సభ్యులందరికీ నమస్కారాలు. నిబంధనావళి ప్రకారం ఏడాది పనుల నివేదికను కార్యదర్శి ఈ సమావేశంలో చదవవలసి ఉంది కనుక దీనిని మీ ముందు ఉంచుతున్నాను. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక వాటిని మళ్లీ ఏకరువు పెట్టడం లేదు.

వానలు పట్టిన నవంబరు తప్ప మిగిలిన నెలల్లో సమావేశాలు జరిగాయి. ఎజెండాలో ఏమి రాసుకున్నా ప్రతిసారీ మాట చివరకు ఒకే తగాదా దగ్గరికి చేరింది. వెండి రూపాయి తెల్లగా తళతళలాడాలా, లేక ఏళ్ల తరబడి పట్టిన రంగుతో, అంటే మనం టోనింగ్ అనుకునే దానితో, ఉండాలా? టంకశాల నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉన్నదే మంచి నాణెమని, మకిలికి ఎదురు డబ్బు ఇవ్వడం అమాయకత్వమని ఒక పక్షం వాదించింది. నూరేళ్ల వెండి ఇంకా తెల్లగా ఉందంటే ఎవరో కడిగి ఉంటారని రెండవ పక్షం అనుమానించింది. రెండు పక్షాలూ నాణేన్ని దీపం కింద తిప్పి చూడకముందే తీర్పు చెబుతున్నాయని నా అభిప్రాయం. మినిట్సు పుస్తకంలో అది రాయలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

ఆ తగాదాయే ఈ ఏడాది మన ప్రదర్శనకు వస్తువయింది. సంఘం చేసిన పనుల్లో దీనినే గర్వంగా చెప్పుకోగలను. ఒకే రాజు బొమ్మతో, ఒకే సంవత్సరం ముద్రతో ఉన్న రూపాయలను జతలుగా తీసుకుని, తెల్లవాటిని ఒక పళ్లెంలోనూ రంగు పట్టినవాటిని మరొక పళ్లెంలోనూ పెట్టి, మధ్యలో ఒక బల్లదీపాన్ని, పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దాన్ని ఉంచాము. వచ్చినవారిలో ఎక్కువ మంది మొదట తెల్ల పళ్లెం వైపే చేయి చాపారు. అప్పుడు మన సభ్యులు నాణేన్ని దీపం కింద మెల్లగా తిప్పి చూపించారు. అచ్చు దెబ్బకు లోహం పారినప్పుడు ఏర్పడే అతి సన్నని గీతల వల్ల అసలైన మెరుపు బండిచక్రం ఆకుల్లా తిరుగుతుంది, తోమిన నాణెంలో ఆ తిరుగుడు ఉండదు. రంగు పట్టిన నాణెంలో సైతం పొర కింద నుంచి ఆ చక్రం తిరగడం చూసి చాలా మంది తమ ఎంపికను మార్చుకున్నారు.

రంగుకు కారణాన్ని అట్టల మీద రాసి పెట్టాము. గాలిలోని గంధకపు వాయువులు వెండితో కలిసినప్పుడు సిల్వర్ సల్ఫైడ్ పొర ఏర్పడుతుంది. పొర పలుచగా ఉన్నప్పుడు లేత పసుపు, దళసరి అవుతున్న కొద్దీ ఎర్రటి ఊదా, ఆపైన నీలం, చివరకు నలుపు కనిపిస్తాయి. సబ్బు బుడగ మీద రంగులు కనిపించేది కూడా పలుచని పొర వల్లనే. గాలిలో తేమ ఉంటే ఈ పని త్వరగా జరుగుతుంది కనుక సముద్రానికి దగ్గరలో ఉన్న మన ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. గంధకం ఉన్న అట్ట ఆల్బములో పెట్టిన నాణేనికి అంచు నుంచి లోపలికి రంగు పడుతుంది, రబ్బరు బ్యాండు చుట్టి దాచిన నాణేనికి నల్లని చార పడుతుంది. పీవీసీ కవర్లలో పెడితే పచ్చని జిగురు పడుతుంది. అది టోనింగ్ కాదు, జబ్బు.

ప్రదర్శనకు వచ్చిన ఒక పెద్దావిడ పూజగదిలోని విక్టోరియా రూపాయిని చీర కొంగున ముడివేసి తెచ్చారు. "ఇది మీ పళ్లెంలో ఉన్నవాటికంటే తెల్లగానే ఉంది కదా, దీనికేం తక్కువ బాబూ?" అని అడిగారు. భూతద్దంలో చూపితే ముఖమంతా వెంట్రుకల్లాంటి గీతలు. వాళ్ల అత్తగారు ప్రతి వరలక్ష్మీ వ్రతానికీ చింతపండు, విభూతి పెట్టి తోమేవారట. పూజ రూపాయిని పూజలోనే ఉండనివ్వమని, ఇకపై మాత్రం తోమవద్దని చెప్పి పంపాము. 1835 నుంచి 1939 వరకు రూపాయి 11.66 గ్రాముల బరువుతో, నూటికి 91.7 వంతుల వెండితో ఉండేది. మన జిల్లా ఇళ్లలో మిగిలిన అలాంటి రూపాయల మీద చింతపండు చేసినంత నష్టం కాలం చేయలేదని ఆ రోజు అందరమూ అనుకున్నాము.

మూలనున్న బల్ల మీద నెల్లూరు రోమన్ నాణేల కథను పెట్టాము. 18వ శతాబ్దం చివరలో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలి, పాడుబడిన చిన్న గుడి కింద ఒక కుండలో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. వాటిలో కొన్ని నిన్ననే టంకశాల నుంచి వచ్చినంత కొత్తగా ఉన్నాయని, మరికొన్ని బెజ్జాలు పడి నగలుగా వాడినట్టు ఉన్నాయని డేవిడ్‌సన్ అనే అధికారి ఉత్తరంలో రాశాడు. చాలా వాటిని రైతు పాత బంగారంగా అమ్మేస్తే అవి కరిగిపోయాయి. బంగారం మట్టిలోనూ రంగు మారదు, వెండికి ఆ భాగ్యం లేదు కనుక ఈ రెంటినీ ఒకే కొలతతో చూడవద్దని దాని పక్కన రాయించాము.

ఈ చర్చల ఫలితంగా మార్పిడి సమావేశాల్లో నాణేల గ్రేడుకు, అంటే నాణెం ఎంత బాగా ఉందో చెప్పే అంకెకు, కార్యవర్గం ఒక పద్ధతి నిర్ణయించింది. అమెరికా రాగి సెంట్ల కోసం విలియం షెల్డన్ 1949లో పెట్టిన 1 నుంచి 70 వరకు కొలతను నేడు ప్రపంచమంతా వాడుతోంది. అందులో 60, ఆపైన ఉన్నవి చెలామణిలో తిరగనివి. అరుగుదల, దెబ్బలు, అచ్చు, మెరుపు చూసి గ్రేడు వేసి, రంగును పక్క గడిలో వేరుగా రాయాలని తీర్మానించాము. రంగు అందంగా ఉంటే కొనేవారు ఎక్కువ ఇస్తారేమో కానీ, అరిగిన నాణెం రంగు వల్ల అరగనిది కాదు. రాగి, కంచు నాణేలలో సేకర్తల ఇష్టం తిరగబడుతుంది. 1957 నాటి కంచు నయాపైసా పుట్టినప్పటి ఎరుపుతోనే ఉంటే అందరూ ఎగబడతారు, గోధుమ రంగుకు తిరిగితే అంత అడగరు. అందుకే వాటికి ఎరుపు, ఎరుపు-గోధుమ, గోధుమ అని మూడు గుర్తులు పెట్టాము. డిప్ చేసిన, అంటే రంగు పొర పోవడానికి రసాయన ద్రవంలో ముంచిన నాణేలను దాచకుండా చెప్పాలని కూడా రాశాము. థయోయూరియా ద్రవం పొరతో పాటు వెండి పైచర్మాన్నీ కొంత తింటుంది కనుక, పదేపదే ముంచితే నాణెం తెల్లగా ఉంటుంది కానీ జీవం ఉండదు.

ఒక సమావేశానికి ఒక వర్తకుడు తెచ్చిన నెమలి నీలపు రూపాయి మీద సభ్యులు మనసు పడ్డారు. ఆ నీలం పసుపు అంచు లేకుండా ఒక్కసారిగా మొదలై, కొత్త గీతల లోపలికి కూడా దిగి ఉండడం చూసి అది కావాలని చేసిన రంగేనని తేల్చాము. నూరేళ్లు దాటిన నాణేలను విదేశీ గ్రేడింగు సంస్థలకు పంపుదామని అడుగుతున్న సభ్యులకు మరొకసారి మనవి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం అవి పురావస్తువులు, వాటిని దేశం దాటించకూడదు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి వెనుక పేజీలో జతచేశారు, ఆడిటరు సంతకం ఉంది. చందా బకాయిలు మాత్రం నిరుటి కంటే తగ్గలేదు.

హాలు ఇచ్చిన కల్యాణ మండపం యజమానికి, దీపాలు అమర్చిన ఎలక్ట్రీషియనుకు, అట్టల మీద చేతిరాతతో రాసిన ఇద్దరు విద్యార్థినులకు, తమ నాణేలను నమ్మి పళ్లెంలో పెట్టిన సభ్యులకు, మధ్యాహ్నం పులిహోర పంపిన అధ్యక్షుల ఇంటివారికి కృతజ్ఞతలు. ప్రారంభిస్తామని మాట ఇచ్చిన అధికారి కోసం పదిన్నర నుంచి ఒంటిగంట వరకు రిబ్బను కట్టుకుని ఎదురుచూశాము, చివరకు కాపలావాడి చేత కత్తిరింపజేశాము. కాపలా డ్యూటీకి పేర్లు ఇచ్చిన పన్నెండు మందిలో వచ్చినవారు నలుగురు. మిగిలిన ఎనిమిది మంది సాయంత్రం ఫోటో వేళకు వచ్చారు.

ఇక ఒక్క విషయం. ప్రదర్శన బల్ల మీద ఉన్న సంఘం భూతద్దాన్ని ఎవరో చూడడానికి తీసుకుని తిరిగి పెట్టలేదు. వచ్చే సమావేశానికి తెచ్చి బల్ల మీద ఉంచితే, ఎవరని అడగము.

ఇట్లు,
కార్యదర్శి