ఆటల పీరియడ్ కాగితం మీదేనా?
ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి పరిసరాల్లో నేను చూసిన ప్రాథమిక పాఠశాలల్లో ఆటల పీరియడ్ టైమ్ టేబుల్‌లో తప్ప మైదానంలో కనిపించడం లేదు. మా అబ్బాయి చదివే బడిలో బంతులు, తాళ్లు బీరువాలోనే ఉంటాయి, ఆ పీరియడ్‌లో ఎక్కాలు రాయిస్తారు. కోతల కాలంలో ఆటస్థలమంతా ధాన్యం ఆరబోస్తారు (రైతుకూ కళ్లం కావాలి, కాదనను). 5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. 2009 నాటి విద్యా హక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం, ఆట వస్తువులు ఉండాలంటూనే, వ్యాయామ బోధకుణ్ణి మాత్రం 100 మందికి పైగా పిల్లలున్న 6–8 తరగతులకే పరిమితం చేయడంతో, ఆట నేర్వవలసిన వయసులోని చిన్నారులకు డ్రిల్లు మాస్టారే లేకుండా పోయారు. సమీప ఉన్నత పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి వారానికి రెండు రోజులైనా ప్రాథమిక బడులకు పంపి, మిగిలిన రోజుల్లో ఎండ ముదరకముందే అరగంట సేపు కబడ్డీ, ఖోఖో, తాడాట, తొక్కుడుబిళ్ల ఆడించే బాధ్యతను తరగతి ఉపాధ్యాయులకు జిల్లా విద్యాశాఖ అప్పగించాలి. తెలుగు పిల్లలూ ఒడియా పిల్లలూ ఒకే గీత గీసుకుని ఆడుకునే ఈ ఆటలకు సుద్దముక్క, తాడు మించి ఖర్చు లేదు.
– ఒక విద్యార్థి తండ్రి, పర్లాకిమిడి