పేజీ పాస్‌వర్డు ఇకపై ఎవరికీ పంపొద్దు

సభ్యులందరికీ నమస్కారం. బోనాల పోస్టుల హడావుడి మొదలయ్యేలోపే మన సంఘం ఖాతాలు సరిచేసుకుందాం.

ఫేస్‌బుక్ పేజీపై పూర్తి అధికారం ఇద్దరికి ఉండాలి. ఒక్కరికే ఉంటే, ఆ ఒక్కరి ఖాతా పోయిన రోజున పేజీ కూడా పోయినట్టే. యూట్యూబ్ ఛానెల్ పని చూసేవాళ్లకు పాస్‌వర్డు ఇవ్వక్కర్లేదు, స్టూడియో సెట్టింగ్స్‌లోని పర్మిషన్స్‌లో ‘ఎడిటర్‌’గా చేర్చితే చాలు. మానేసినవాళ్లను అదే రోజు తీసేయండి.

రెండంచెల ధ్రువీకరణకు (పాస్‌వర్డు తర్వాత మరో కోడ్ అడిగే పద్ధతికి) ఎస్ఎంఎస్ కన్నా, ఫోన్‌లోనే కోడ్ చూపే ఆథెంటికేటర్ యాప్ మేలు. ఎందుకంటే మోసగాడు మన నంబరుకు డూప్లికేట్ సిమ్ తీస్తే ఎస్ఎంఎస్ ఓటీపీలు వాడికే వెళ్తాయి. ఫోన్ అందుబాటులో లేనప్పుడు లాగిన్ కావడానికి గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి అమీర్‌పేట ఆఫీసు బీరువాలో పెట్టండి. దయచేసి వాటి ఫొటో ఈ గ్రూపులో పెట్టకండి.

అసలు భయపడాల్సింది ‘స్పాన్సర్‌షిప్ ఒప్పందం’ అంటూ మెయిల్లో వచ్చే జిప్ ఫైళ్లకు. తెరిచి నడిపితే లోపలి మాల్వేర్ (హానికర ప్రోగ్రామ్) బ్రౌజర్‌లోని లాగిన్ కుకీలను, అంటే మళ్లీ మళ్లీ పాస్‌వర్డు అడగకుండా బ్రౌజర్ దాచుకునే గుర్తులను, ఎత్తుకుపోతుంది. లాగిన్ అయి ఉన్న సెషనే దొంగ చేతికి వెళ్తుంది కాబట్టి పాస్‌వర్డు, ఓటీపీ అడగకుండానే లోపలికి వచ్చేస్తాడు. తెరిచామని అనుమానం వస్తే ఆ కంప్యూటర్‌కు నెట్ తీసేసి, వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డు మార్చి, అన్ని పరికరాల్లోనూ లాగౌట్ చేయండి. కొత్త పాస్‌వర్డు ఆ కంప్యూటర్లో కొట్టొద్దు, అదీ పోతుంది.

‘కాపీరైట్ ఉల్లంఘన, 24 గంటల్లో పేజీ తొలగిస్తాం’ అని మెసెంజర్‌లో వచ్చే లింకులు నొక్కకండి.

మన పేరుతో విరాళం అడిగారని ఎవరైనా డబ్బు పంపేసి ఉంటే, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి.